విల్లు మోత తగ్గాలంటే ముందు బాణాన్ని తూచండి

ప్రశ్న: నమస్తే అండీ. మేం అమెరికాలో, ఒహాయోలో ఉంటాం. ఆఫీసు టెన్షన్ నుంచి కాస్త బయటపడదామని పెరట్లో విలువిద్య మొదలుపెట్టాను. ఈమధ్య 66 అంగుళాల అమెరికన్ లాంగ్‌బో ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దాని మీద 28 అంగుళాల దగ్గర 50 పౌండ్లు (అంత దూరం లాగితే పడే బలం) అని రాసి ఉంది. నేను లాగేది 27 అంగుళాలు, కుడిచేతి వాటం. కాంపౌండ్ (కప్పీలుండే) విల్లు వాడే ఫ్రెండ్ ఒకతను తనకు అక్కర్లేని కార్బన్ బాణాలు ఇచ్చాడు: 400 స్పైన్ (బాణం ఎంత వంగుతుందో చెప్పే అంకె), 29 అంగుళాల పొడవు, 85 గ్రెయిన్ల పాయింట్ (ముందుండే ములికి), ప్లాస్టిక్ వేన్లు (తోక దగ్గరి రెక్కలు). వదిలిన ప్రతిసారీ ఠప్పుమని మోత, చెయ్యి మోచేతి దాకా జివ్వుమంటుంది. రబ్బరు సైలెన్సర్లు కట్టినా తేడా లేదు. పక్కింటాయన ఫెన్స్ మీంచి తొంగిచూసి వెళ్ళాడు. ‘లాంగ్‌బో అంటే అంతే, రికర్వ్ (చివర్లు ముందుకు వంగిన విల్లు) కొనుక్కో’ అంటున్నాడు ఫ్రెండ్. నిజమేనా? స్ట్రింగ్‌కీ గ్రిప్‌కీ మధ్య కొలిస్తే 5¾ అంగుళాలు వచ్చింది. బాణం వంటింటి త్రాసులో 21.5 గ్రాములు తూగింది. మూడు వేళ్ళూ బాణం కిందే పెట్టి లాగుతాను. విజయవాడలో మా తమ్ముడు ఇండియన్ రౌండ్ (వెదురు, చెక్క విల్లు పోటీ) వేస్తాడు, ఇవన్నీ వాడికీ పనికొస్తాయా?

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చిన మాట ఆ వంటింటి త్రాసే. గ్రాముకు 15.43 గ్రెయిన్లు. అంటే మీ బాణం బరువు సుమారు 332 గ్రెయిన్లు. మీరు 27 అంగుళాలే లాగుతున్నారు కాబట్టి చేతిలో పడే బరువు 50 పౌండ్లు ఉండదు. ఒక్కో అంగుళానికి రెండు మూడు పౌండ్లు తేడా వస్తుంది, కాబట్టి 47 అనుకుందాం. 332ని 47తో భాగిస్తే పౌండుకు 7 గ్రెయిన్లు. లాంగ్‌బో వాళ్ళు మామూలుగా 9, 10 దగ్గర ఉంటారు. 8 కన్నా దిగొద్దని చెప్పే తయారీదారులున్నారు. 5కి వస్తే బాణం లేకుండా నారి వదిలినంత పని, విల్లు విరిగే ప్రమాదం ఉంది. మీరు అంత ప్రమాదంలో లేరు గానీ మోతలో మాత్రం ఉన్నారు. ఖాళీ బండికి మోత ఎక్కువ అంటారే, అదే ఇది.

ఎందుకో చెబుతాను. వంచిన విల్లులో మీరు దాచిన శక్తి మొత్తం బాణంలోకి వెళ్ళదు. లింబ్స్ (గ్రిప్‌కు పైనా కిందా వంగే విల్లు చేతులు), స్ట్రింగ్ కూడా ముందుకు కదలాలి, వాటికీ కొంత ఖర్చవుతుంది. బాణం వెళ్ళిపోయాక ఆ శక్తి విల్లులోనే మిగిలి వణుకుగా మారుతుంది. చెవికి మోతగా, చేతికి జివ్వుమనే షాక్‌గా తెలిసేది అదే. పాల్ క్లోప్‌స్టెగ్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త దీన్ని ఒక సులువైన లెక్కగా మార్చాడు: విల్లు తనకోసం కొంత అదనపు బరువును బాణంతోపాటు అదే వేగంతో తోస్తున్నట్టు ఊహించుకోవడం. మీ విల్లుకు ఆ అంకె 160 గ్రెయిన్లు అనుకోండి (ఉదాహరణకే). 332 గ్రెయిన్ల బాణమైతే శక్తిలో 67 శాతం పట్టుకుపోతుంది, 33 శాతం విల్లులో మిగులుతుంది. అదే 447 గ్రెయిన్ల బాణమైతే 74 శాతం తీసుకుపోతుంది, మిగిలేది 26. అంటే వణుకుకు దొరికే శక్తిలో ఐదో వంతు, ఏ సైలెన్సరూ కట్టకుండానే పోయింది.

447 అనే అంకె ఊరికే ఎంచుకోలేదు. మీ బాణానికున్న 85 గ్రెయిన్ల పాయింట్ తీసేసి 200 గ్రెయిన్లది బిగిస్తే సరిగ్గా అంతే వస్తుంది. పౌండుకు తొమ్మిదిన్నర. స్క్రూ పాయింట్లు కాబట్టి రెండు నిమిషాల పని. 125, 150, 175, 200 గ్రెయిన్లవి ఒక్కో రకం రెండు మూడు కొనుక్కోండి. కొత్త బాణాలకన్నా చాలా తక్కువ ఖర్చు. అయితే దీనితో బాణం స్వభావం కూడా మారుతుంది. అది మీకు మేలే చేస్తుంది గానీ, ఆ సంగతి తర్వాత చెబుతాను. దానికన్నా ముందు చూడాల్సినవి రెండున్నాయి.

మొదటిది విల్లు ఆరోగ్యం. సెకండ్ హ్యాండ్ విల్లు, పైగా తేలిక బాణాలతో వాడారు. స్ట్రింగ్ తీసేసి, మంచి వెలుతురులో రెండు లింబ్స్‌నీ అటూ ఇటూ తిప్పి చూడండి. దూది ఉండ ఒకటి తీసుకుని అంచుల వెంట, ఫైబర్‌గ్లాస్ మీద మెల్లగా రుద్దండి. ఎక్కడైనా పోగులు పట్టుకుంటే అక్కడ పగులో, పొర లేవడమో ఉందన్నమాట. లాగుతున్నప్పుడు కిర్రుమని గానీ, టిక్ మని గానీ వినిపిస్తే ఇక ఆ విల్లు ముట్టుకోవద్దు, తెలిసినవాళ్ళకు చూపించండి. కార్బన్ బాణాలను కూడా వేసేముందు చెవి దగ్గర పెట్టుకుని కొద్దిగా వంచి, మెలితిప్పి చూడాలి. చిటపటలాడితే విరిచి పారేయండి. మీ ఫ్రెండ్ ఎన్నాళ్ళు వాడాడో, వేటికి గుద్దాడో మనకు తెలియదు కదా.

రెండోది బ్రేస్ హైట్, అంటే మీరు కొలిచిన ఆ 5¾ అంగుళాలు. పాత ఇంగ్లిష్ తరహా విళ్ళ మాట వేరు గానీ, లింబ్స్ కొద్దిగా వంపు తిరిగిన నేటి అమెరికన్ లాంగ్‌బోలు ఎక్కువగా ఆరున్నరకీ ఏడున్నరకీ మధ్య హాయిగా ఉంటాయి. మీది బాగా కిందికి ఉంది. దీనివల్ల స్ట్రింగ్ చాలా దూరం ముందుకొచ్చి ఆగుతుంది, బాణం ఆలస్యంగా నారి వదులుతుంది. ఈలోపు చెయ్యి ఏమాత్రం కదిలినా ఆ తప్పు బాణానికి అంటుకుంటుంది. ఎడమ చేతి మణికట్టు దగ్గర స్ట్రింగ్ తగిలి ఎర్రగా కందుతోందా? అయితే అది కూడా దీని లక్షణమే.

పాత యజమాని తప్పు పొడవు స్ట్రింగ్ వేసి ఉండొచ్చు. లాంగ్‌బోకు స్ట్రింగ్ పొడవు విల్లు పొడవుకన్నా సుమారు 3 అంగుళాలు తక్కువ ఉండాలి, అంటే మీ 66కి 63. రికర్వ్‌కైతే 4 అంగుళాలు తక్కువ. ఈ తేడా తెలియక చాలామంది ఒకదానిది ఇంకోదానికి వేసేస్తారు. స్ట్రింగ్ డాక్రాన్‌దేనా (పాలియెస్టర్ దారం) అన్నది కూడా చూసుకోండి. కొత్తరకం సాగని స్ట్రింగ్‌లు వేగం పెంచుతాయి గానీ, చివర్లు దానికోసం గట్టిచేయని పాత విల్లుకు అవి వేస్తే చివర్లు చీలిపోతాయి. మీ విల్లు ఏ కాలందో తెలియదు కాబట్టి డాక్రాన్‌తోనే ఉండండి. 45, 55 పౌండ్ల మధ్య విల్లుకు 14 పోగులది సరిపోతుంది. డాక్రాన్ కాస్త సాగుతుంది, ఆ సాగడమే కొంత మోతను మింగేస్తుంది.

స్ట్రింగ్ పొడవు సరిగానే ఉంటే, మెలికలు పెంచడం ద్వారా బ్రేస్ హైట్ పెంచాలి. స్ట్రింగర్‌తో (నారి ఎక్కించి దింపే తాడు) విల్లు దింపి, ఒక లూప్ తీసి, ఇప్పటికే ఉన్న మెలిక ఏ వైపు ఉందో ఆ వైపే మూడు నాలుగు చుట్లు తిప్పి మళ్ళీ ఎక్కించండి. కాలి కింద పెట్టి వంచడం, మోకాలితో తొక్కడం వద్దు, లింబ్ మెలి తిరిగిపోతుంది. ఆరున్నరకు తెచ్చాక అసలు పని మొదలవుతుంది. నాలుగైదు బాణాలు వేయండి, వినండి. మళ్ళీ నాలుగు చుట్లు, మళ్ళీ నాలుగైదు బాణాలు. ఒక చోట మోత ఒక్కసారిగా మెత్తబడుతుంది, ఠప్ కాస్తా తుప్ అవుతుంది. దాన్ని దాటి ఇంకా పెంచితే మళ్ళీ గట్టిపడుతుంది. ఆ మెత్తటి చోటు పట్టుకుని కొలిచి, గోడ మీద రాసి పెట్టుకోండి. కొత్త డాక్రాన్ మొదట్లో సాగి బ్రేస్ హైట్ దానంతటదే దిగుతుంది కాబట్టి ప్రతిసారీ వేసేముందు కొలవడం అలవాటు చేసుకోండి. మెలికలు మరీ ఎక్కువై, పొడవులో అంగుళానికో చుట్టు దాటిపోతుంటే ఆ స్ట్రింగ్ మీ విల్లుకు పొడవన్నమాట, పొట్టిది కొనండి.

వినడం అన్నాను గానీ, వేసేవాడి చెవి దీనికి సరైన చెవి కాదు. స్ట్రింగ్ మీ ముఖానికి ఆనుకుని ఉంటుంది, మీకు అన్నీ గట్టిగానే వినిపిస్తాయి. ఇంట్లోవాళ్ళనెవరినైనా మీ వెనక పక్కగా ఐదారు అడుగుల దూరంలో నిలబెట్టండి. మీరు ఏం మార్చారో వాళ్ళకు చెప్పొద్దు. ‘ముందుదా, ఇదా, ఏది మెత్తగా ఉంది?’ అని మాత్రం అడగండి. ఫోన్ రికార్డింగ్‌ని నమ్మకండి, చాలా ఫోన్లు గట్టి చప్పుడును వాటంతటవే తగ్గించి, చిన్నదాన్ని పెంచి రికార్డు చేస్తాయి.

ఇంకో సంగతి. మోతలన్నీ ఒకటి కావు. ఠప్ మని చరిచినట్టుంటే బ్రేస్ హైట్ తక్కువైనా అయ్యుండాలి, బాణం షెల్ఫ్‌కు (గ్రిప్ పైన బాణం ఆనే గట్టు) గుద్దుకుంటూ అయినా ఉండాలి. టక్ మని ఒక్క దెబ్బ వినిపిస్తే ఎక్కువసార్లు నాక్ (స్ట్రింగ్‌కు తగిలించే బాణం తోక గాడి) దగ్గరే. ఝుంయ్ మని సాగితే స్ట్రింగ్ వణుకు. సైలెన్సర్లు పనిచేసేది ఈ ఒక్కదాని మీదే. మీకు సాగే మోత లేదు, చరిచే మోత ఉంది. రబ్బరు కట్టినా తేడా రాకపోవడానికి కారణం అదే. బుర్రుమంటుంటే ఏదో వదులైంది: స్ట్రింగ్ మీద చుట్టిన దారమో, పాయింటో, షెల్ఫ్ మీది తోలో.

ఇప్పుడు మీ మూడు వేళ్ళ సంగతి. బాణం కింద మూడు వేళ్ళూ పెట్టి లాగితే గురి కంటికి దగ్గరవుతుంది, నిజమే. కానీ చాలా లాంగ్‌బోలను పైన ఒక వేలు, కింద రెండు వేళ్ళతో లాగుతారన్న లెక్కతో సాన పడతారు. మూడు వేళ్ళూ కిందికి దిగేసరికి కింది లింబ్ మీద భారం పెరిగి రెండు లింబ్స్ ఒకేసారి ఇంటికి చేరవు. ఆ తేడా చప్పుడుగా బయటపడుతుంది. ఒక సాయంత్రం పైన ఒకటి, కింద రెండు పెట్టి వేసి చూడండి. మోత గణనీయంగా తగ్గితే విల్లు తన ఇష్టం చెప్పినట్టే. అయినా మీకు పాత పద్ధతే చేతికి వచ్చిందనుకోండి, మానక్కర్లేదు, నాకింగ్ పాయింట్ (స్ట్రింగ్ మీద నాక్ తగిలించే గుర్తు) కాస్త పైకి జరపాల్సి వస్తుంది, అంతే.

నాకింగ్ పాయింట్ ఎక్కడ ఉండాలంటే, స్ట్రింగ్‌కు లంబంగా, షెల్ఫ్ మీద ఆనేలా బో స్క్వేర్ (T ఆకారపు కొలబద్ద) పెట్టి చూస్తే అరంగుళం పైన. మొదలుపెట్టేటప్పుడు కాస్త ఎక్కువే, అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతుల (5/8) దగ్గర పెట్టి, తర్వాత కొద్దికొద్దిగా దింపుకుంటూ రండి. కింది నుంచి పైకి వెళ్తే మోసపోతారు. నాక్ మరీ కింద ఉంటే బాణం తోక షెల్ఫ్‌కు కొట్టుకుని పైకి ఎగురుతుంది. చూసేవాళ్ళకు నాక్ పైన ఉన్నట్టు కనిపిస్తుంది, మీరు ఇంకా దింపుతారు, ఇంకా చెడుతుంది. మూడు వేళ్ళ వాళ్ళు బాణం కింద కూడా రెండో నాకింగ్ పాయింట్ ఒకటి కట్టుకోవడం మంచిది, లేకపోతే వదిలే క్షణంలో నాక్ స్ట్రింగ్ మీద కిందికి జారుతుంది.

బాణం ఎక్కడ తగులుతోందో తెలుసుకోవాలంటే ఊహించక్కర్లేదు. ముఖానికి రాసుకునే పౌడర్ కొద్దిగా షెల్ఫ్ మీద, పక్కన బాణం ఆనే తోలు మీద చల్లండి. ఒక బాణం వేసి దగ్గరికెళ్ళి చూడండి. బాగా కుదిరిన విల్లులో ఏదో ఒక చిన్న చోట పౌడర్ చెదిరి ఉంటుంది. మీ విల్లులో నాకు తెలిసి రెండు గీతలు కనిపిస్తాయి: షెల్ఫ్ చివరన, ప్లాస్టిక్ వేన్ తన్నుకుంటూ పోయిన గీత ఒకటి. బాణం ఆనే విల్లు పక్క గోడ మీద, షాఫ్ట్ (బాణం కర్ర) వెనక భాగం చరిచిన మరక ఇంకొకటి. బాణం తీసి వేన్ ముందు అంచు చూడండి, అక్కడ పౌడర్ అంటుకుని ఉంటుంది. కాంపౌండ్‌కు బాణం ఆనడానికి వేరే రెస్ట్ ఉంటుంది కాబట్టి గట్టి ప్లాస్టిక్ వేన్లు తగలవు. షెల్ఫ్ మీంచి నేరుగా వేసేవాళ్ళకు ఈకలే కావాలి. ఈక తగిలినా ఒరిగిపోయి దారి ఇస్తుంది. నాలుగైదు అంగుళాల టర్కీ ఈకలు మూడు చాలు. ఒక బాణానికి అన్నీ ఒకే వైపు రెక్కవి అయ్యుండాలి, కుడి ఎడమ కలపకూడదు. చివర కోసుగా నిలబడే షీల్డ్ కట్ అందంగా ఉంటుంది గానీ గాలిలో ఎక్కువ గీపెడుతుంది, గుండ్రంగా వాలే పారాబోలిక్ కట్ తీసుకోండి.

షెల్ఫ్ చదునుగా ఉంటే ఒక చిన్న కిటుకు ఉంది. పైన అతికించిన తోలు లేపి, గ్రిప్ అతి లోతైన చోటుకు సరిగ్గా పైన, అగ్గిపుల్ల ముక్క ఒకటి అడ్డంగా పెట్టి మళ్ళీ అతికించండి. బాణం షెల్ఫ్ మొత్తం మీద పడుకోకుండా ఆ ఒక్క మిట్ట మీదే ఆనుతుంది. రుద్దుకునే చోటు తగ్గితే చప్పుడూ తగ్గుతుంది. పక్క గోడకు కూడా ఇదే పని చేయొచ్చు.

నాక్ పట్టు చూడటం ఇంకా తేలిక. బాణం స్ట్రింగ్‌కు తగిలించి విల్లు పడుకోబెట్టి పట్టుకోండి, బాణం కిందికి వేలాడాలి. నాక్ నుంచి కాస్త దూరంలో స్ట్రింగ్ మీద వేలితో చిన్నగా తట్టండి. రాలి పడాలి. తట్టకుండానే పడితే వదులు, అది ప్రమాదం కూడా. లాగుతుండగా జారితే ఉత్త విల్లు వదిలినట్టే. గట్టిగా తట్టినా రాకపోతే బిగుతు, బాణం స్ట్రింగ్‌ను పీక్కుంటూ పోతుంది, టక్ మంటుంది. కాంపౌండ్ బాణాల నాక్‌లు డాక్రాన్ స్ట్రింగ్ లావుకు బిగుతవడం మామూలే. మధ్యలో చుట్టిన దారం కాస్త సన్నగా చుట్టించుకున్నా, వెడల్పు నాక్‌లు వేసుకున్నా సరిపోతుంది.

ఇక వాయిదా వేసిన సంగతి, స్పైన్. మీ బాణం మీద 400 అని ఉంది కదా. రెండు ఆధారాల మధ్య 28 అంగుళాల దూరంలో షాఫ్ట్ పెట్టి, మధ్యలో 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తే 0.400 అంగుళం వంగిందని దాని అర్థం. అంకె పెరిగేకొద్దీ మెత్తన. లాంగ్‌బోలో షెల్ఫ్ విల్లు మధ్య గీత దాకా కోసి ఉండదు, కాబట్టి బాణం గురివైపు చూడకుండా కాస్త పక్కకు చూస్తూ నిలబడుతుంది. అయినా గురికే తగులుతుందంటే, వదలగానే అది పాములా వంగి విల్లును చుట్టుకుంటూ పోతుంది కాబట్టి. 1930ల్లో హిక్‌మన్, క్లోప్‌స్టెగ్ లాంటి పరిశోధకులు హైస్పీడ్ కెమెరాలతో దీన్ని ఫొటోలు తీసే వరకూ ఇది ఒక వింతగానే ఉండేది. ఎంత వంగాలన్నది విల్లు బలాన్ని బట్టి ఉంటుంది. మీ 400 షాఫ్ట్, 85 గ్రెయిన్ల చిన్న ముక్కుతో, 47 పౌండ్ల లాంగ్‌బోకు చాలా గట్టిది. వంగదు. వంగకపోతే తోక వచ్చి విల్లు పక్క గోడకు కొట్టుకుంటుంది. ఆ రెండో మరక అదే, మీ ఠప్‌లో సగం కూడా అదే.

ముందు బరువు పెరిగితే షాఫ్ట్ ఎక్కువ వంగుతుంది. 200 గ్రెయిన్ల పాయింట్ మీకు బరువూ ఇస్తుంది, మెత్తదనమూ ఇస్తుంది అన్నది ఇందుకే. అయినా 400 ఇంకా గట్టిగానే ఉండొచ్చు. అది తేల్చుకోవడానికి రెండు బాణాల వేన్లు పీకేసి ఉత్త షాఫ్ట్‌లు చేయండి (కత్తి కార్బన్‌లోకి దిగకుండా). పది గజాల నుంచి ఈకలున్నవి మూడు, ఉత్తవి రెండు వేయండి. మీరు కుడిచేతి వాటం కాబట్టి, ఉత్తవి ఎడమవైపు పడితే షాఫ్ట్ గట్టిది, కుడివైపు పడితే మెత్తది. ఎడమచేతి వాళ్ళకు ఇది తిరగబడుతుంది. ఉత్తవి కిందికి పడితే నాకింగ్ పాయింట్ పైనుంది, పైకి పడితే కిందుంది. గుచ్చుకున్న కోణం చూసి తీర్పు చెప్పకండి, టార్గెట్‌లో పాత కన్నాలు దాన్ని ఎటైనా తిప్పుతాయి. ఎక్కడ పడిందన్నదే లెక్క. పది గజాల్లో కుదిరాక ఇరవైకి వెళ్ళండి. ఉత్త షాఫ్ట్‌లు ఒక్కోసారి విపరీతంగా పక్కకు పోతాయి కాబట్టి వెనక ఏముందో చూసుకుని వేయండి. మీ ఊళ్ళో పెరట్లో బాణాలు వేయొచ్చా లేదా అన్నది కూడా ఒకసారి కనుక్కోండి, ఊరూరికీ నిబంధన మారుతుంది. పక్కింటాయన తొంగిచూసింది చప్పుడుకేనా, భయానికా అన్నది మనకు తెలియదు.

200 పాయింట్‌తో కూడా ఎడమకే పోతుంటే 500 స్పైన్ షాఫ్ట్‌లు కొనండి, పూర్తి పొడవువి. తొందరపడి కోయించొద్దు. పొడవు తగ్గితే గట్టిపడుతుంది, కోసింది అతకదు. 150, 175 పాయింట్లతో మొదలుపెట్టి, కావాలంటే పావు అంగుళం చొప్పున కోసుకుంటూ రావచ్చు. లేదా చెక్క బాణాలు. నా ఓటు వాటికే. పోర్ట్ ఆర్ఫర్డ్ సెడార్ షాఫ్ట్‌లు, 11/32 అంగుళాల లావు, 45 నుంచి 50 పౌండ్ల స్పైన్‌వి (చెక్కకు స్పైన్ విల్లు పౌండ్లలోనే చెబుతారు) తీసుకుంటే 125 గ్రెయిన్ల పాయింట్‌తోనే బరువు మీకు కావలసిన చోటుకు దగ్గరగా వచ్చేస్తుంది. చెక్క తనంతట తానే వణుకును మింగుతుంది. వార్షిక వలయాల అంచు విల్లువైపు ఉండేలా నాక్ అతికించాలి, ఆ వైపే గట్టిదనం ఉంటుంది. వరల్డ్ ఆర్చరీ పోటీల్లో లాంగ్‌బో విభాగానికి చెక్క బాణాలే వేయాలి, ఎప్పుడైనా వెళ్దామనుకుంటే అప్పటికి అలవాటై ఉంటుంది.

బరువు పెరిగితే వేగం తగ్గదా అని మీ ఫ్రెండ్ అడుగుతాడు, కాంపౌండ్ మనిషి కదా. తగ్గుతుంది. సెకనుకు 180 అడుగుల నుంచి 163కి పడిందనుకుందాం. ఇరవై గజాల దగ్గర బాణం ఐదు అంగుళాలు ఎక్కువ కిందికి దిగుతుంది. వారం రోజుల్లో కన్ను సర్దుకుంటుంది. అమెరికాలో విల్లుతో జింకల వేటకు వెళ్ళేవాళ్ళు కూడా వేగంకన్నా నిశ్శబ్దానికే ఓటేస్తారు. శబ్దం సెకనుకు 1,125 అడుగులు పోతుంది, లాంగ్‌బో బాణం 165 ఎక్కడ, అది ఎక్కడ! ఇరవై గజాల దూరంలో చప్పుడు చేరాక బాణం రావడానికి ఇంకా 0.3 సెకను పడుతుంది. జింక వంగి దూకడానికి అది చాలు. బాణం వేగం 20 అడుగులు పెంచినా ఆ లెక్క పెద్దగా మారదు. (మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. తమ్ముడికి ఈ పేరా అక్కర్లేదు.)

ఇన్నీ అయ్యాక కూడా ఝుంయ్ మిగిలితే, అప్పుడు సైలెన్సర్లు. పైది పై చివర నుంచి స్ట్రింగ్ పొడవులో పావు వంతు దగ్గర, కిందిది కింది చివర నుంచి మూడో వంతు దగ్గర కట్టండి. రెండూ సమాన దూరంలో కడితే స్ట్రింగ్ ఒక రకం వణుకు తప్పించుకుపోతుంది. మీరు బహుశా రెండు చివర్లకు దగ్గరగా కట్టి ఉంటారు, అక్కడ స్ట్రింగ్ కదలదు, కట్టినా కట్టనట్టే. ఉన్ని దారం కుచ్చు చాలు, మీ ఆవిడ అల్లిక బుట్టలో మిగిలింది అడగండి. వానలో తడిస్తే బరువెక్కుతుంది గానీ పెరటి ఆటకు సమస్య లేదు. కట్టాక బ్రేస్ హైట్ మళ్ళీ కొలవండి, కొద్దిగా మారుతుంది.

చెయ్యి జివ్వుమనడం గురించి ఒక మాట. గ్రిప్ పిడికిలి బిగించి పట్టుకుంటున్నారేమో చూసుకోండి. అరచేతి మడమ మీద విల్లు ఆనాలి, వేళ్ళు దాన్ని జారకుండా చూస్తే చాలు. మోచెయ్యి తాళం వేసినట్టు నిటారుగా కాకుండా కాస్త సడలించండి. బాణం టార్గెట్‌కు తగిలేవరకూ ఎడమ చెయ్యి అక్కడే ఉంచండి. బాణం సరిపడా బరువుంటే ఇది సగం దానంతటదే తగ్గుతుంది.

రికర్వ్ కొనాలా అన్నారు. దాని లింబ్స్ చివర్లలో స్ట్రింగ్ ఆనుకునే చోటు ఉంటుంది, తిరిగొచ్చినప్పుడల్లా అక్కడ చరుస్తుంది. సరిగ్గా కుదరని రికర్వ్ మోత మీ లాంగ్‌బోను మించుతుంది. అయినా ఆ పాత బాణాలే దానిమీద కూడా వేస్తే ఇదే ఉత్తరం మళ్ళీ రాస్తారు. ముందు 200 గ్రెయిన్ల పాయింట్లు కొనండి.

విజయవాడ తమ్ముడికి: ఇండియన్ రౌండ్‌లో వెదురు, చెక్క విల్లుతో 30, 50 మీటర్ల నుంచి వేస్తారు కాబట్టి, బ్రేస్ హైట్‌ను చెవితో పట్టుకోవడం, నాక్ పట్టు, ఉత్త షాఫ్ట్ పరీక్ష మూడూ అతనికీ పనికొస్తాయి. వెదురు విల్లు ఎండా వానలకు బిగువు మారుతుంది, బెజవాడ ఎండల్లో ఇంకా ఎక్కువ. ఉదయం కొలిచిన బ్రేస్ హైట్ మధ్యాహ్నానికి అదే ఉండదు, రెండు పూటలా కొలుచుకోమనండి. స్ట్రింగ్ మీద ఏమైనా కట్టే ముందు మాత్రం కోచ్‌ని అడగాలి, పోటీలో పరికరాలు తనిఖీ చేస్తారు.